డెబ్బదియవ యేట వచ్చిన కానుక



మీ యూరికి దగ్గరనున్న బస్తీలో "మాంటిసోరి" అను పేరు వ్రాసిన బడి బోర్డును మీరు చూచియే యుందురు. అది ఒక చదువు పేరనియు, ఒక కంపెనీ పేరనియు చాలమంది తలంచుచున్నారు. మా వీధిలోని ఒక తండ్రి, "అమ్మగారూ, మాంటిసోరి అంటే ఇంగ్లీషు మీడియమే గదండీ?" అని నన్ను అడిగెను. కాదు. అది ఒక స్త్రీ పేరు. ఆమె 81 సంవత్సరములు బ్రదికిన ఒక వైద్యురాలు, ఒక పంతులమ్మ, నలుగురు పిల్లలకు నాయనమ్మ. ఆమె ముసలితనములో సుమారు ఏడు సంవత్సరములు, ఎక్కడో దూరదేశమందు గాదు, మన చెన్నపట్టణములోను, కోడైకెనాలు కొండమీదను కాపురముండెను.

నేను పల్లెటూరి బడిలో చిన్న తరగతి పిల్లలకు అక్షరములు దిద్దించి, ఇప్పుడు ఇంటియొద్ద మనుమరాలిని చూచుకొనుచున్నదానను. అందుచేత ఈమె జీవితమును చదివినప్పుడు ఎవరో గొప్ప పండితురాలి చరిత్రగా నాకు తోచలేదు. పక్క గదిలో పాఠము చెప్పుచున్న పెద్దమ్మ కథవలెనే యుండెను. మీకును అట్లే యుండునని తలంచి వ్రాయుచున్నాను.

మరియా మాంటిసోరి 1870 ఆగస్టు 31న ఇటలీ దేశములో కియరవల్లె అను చిన్న ఊరిలో పుట్టెను. తండ్రి సర్కారు ఉద్యోగి. కుమార్తె వైద్యము చదువుట ఆయనకు ఇష్టము లేదు. తల్లి మాత్రము బిడ్డ పక్షమున నిలిచెను. మగ విద్యార్థులతో కలిసి శవములను కోసి చూచుట ఆడపిల్లకు తగదని, అందరును వెళ్లిపోయిన తరువాత సాయంకాలమందు ఆమె ఒంటరిగా ఆ గదిలో పని చేయవలసి వచ్చెను. దీపము వెలుగులో శవముల నడుమ కూర్చున్న ఆ చిన్నదానిని తలంచుకొనుడి. అయినను ఆమె విడువక 1896లో రోము విశ్వవిద్యాలయమునుండి వైద్యురాలై బయటికి వచ్చెను.

వైద్యురాలు పంతులమ్మ ఎట్లయ్యెనో చెప్పెదను. ఆ కాలములో బుద్ధి ఎదగని పిల్లలను పిచ్చివారితో కలిపి ఒకే ఆసుపత్రిలో ఉంచుచుండిరి. అట్టి చోట పిల్లలు అన్నము తినిన తరువాత నేలమీద పడి రొట్టెముక్కలు ఏరుకొనుచుండగా, "చూడండి, వీరికెంత ఆశయో!" అని అక్కడి కాపలా స్త్రీ అసహ్యపడెను. మాంటిసోరమ్మ ఆ గది చుట్టు చూచెను. గోడలు తప్ప మరేమియు లేవు. చేతితో పట్టుకొని త్రిప్పి చూచుటకు ఒక్క వస్తువైనను లేదు. ఆ పిల్లలు ముక్కలు ఏరుకొనునది ఆకలిచేత గాదని, చేతులకు పని లేకపోవుటచేతనని ఆమె గ్రహించెను. తరువాత ఆమె అట్టి పిల్లల చేతులకు కొయ్యదిమ్మలు, గుండీలు, పూసలు ఇచ్చి నేర్పగా, వారిలో కొందరు మామూలు పిల్లలు వ్రాయు పరీక్షలోనే నెగ్గిరి. అందరును ఆశ్చర్యపడిరి. ఆమె అయితే, "ఈ పిల్లలే ఇంత చేసిరి గదా, మంచి ఆరోగ్యము గల పిల్లలు బడులలో ఎందుకు ఇంత వెనుకబడియున్నారు?" అని ఆలోచింపసాగెను.

ఆ ఆలోచనకు జవాబు రోము పట్టణములో బహు పేదలుండు పేటలో దొరికెను. సాన్ లొరెంజో అను ఆ పేటలో కూలివారి కొరకు పెద్ద పెద్ద ఇండ్లు బాగుచేసియుండిరి. తలిదండ్రులు తెల్లవారగానే పనికి పోవుదురు. పెద్ద పిల్లలు బడికి పోవుదురు. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల చంటివారు మెట్లమీద తిరుగుచు, క్రొత్తగా సున్నము వేసిన గోడలను బొగ్గుతో పాడుచేయుచుండిరి. గోడలు పాడగుట చూచి ఇండ్లవారు ఒక గది ఇచ్చి, ఈ పిల్లలను అందులో పెట్టి చూచుకొనుమని ఆమెను పిలిచిరి. పిల్లల కొరకు గాదు సుమండీ, గోడల కొరకు! లోకమంతటికిని తెలిసిన బడి ఇట్లు మొదలయ్యెను. అది 1907 జనవరి 6వ తేదీ; తూర్పుదేశపు జ్ఞానులు బాలుడైన యేసును చూడవచ్చిరని సంఘములు పండుగ చేసికొను దినము. చిన్న బిడ్డ యెదుట పెద్దలు మోకరించిన దినమున ఆ తలుపు తెరువబడుట ఆమె ఎన్నటికిని మరచిపోలేదు.

పిల్లలు యాభైమందికి పైగా ఉండిరి. ముక్కులు కారుచు, ఏడ్చుచు, బెదరుచు వచ్చిరి. వారిని చూచుకొనుటకు కుదిరిన స్త్రీ బోధనాభ్యాసము పొందిన పంతులమ్మ కాదు. డబ్బు కూడ లేదు. మన పల్లెబడులకంటె ఆ బడి ఏమియు ఎక్కువది కాదని మీరు గమనింపవలెను.

అక్కడ జరిగిన రెండు మూడు సంగతులు చెప్పక నేను ముందుకు పోలేను. ఒక దినమున ఆ స్త్రీ ఆలస్యముగా వచ్చెను. ముందటి రాత్రి అలమరకు తాళము వేయుట మరచెను. వచ్చి చూడగా పిల్లలు తమంతట తామే తలుపు తెరిచి, ఎవరికి కావలసిన సామాను వారు తీసికొని, నిశ్శబ్దముగా పని చేసికొనుచుండిరి. ఆమె దానిని దొంగతనమనుకొనెను. మాంటిసోరమ్మ అయితే, "వీరికి ఏది ఎక్కడ ఉండునో తెలియును, ఏది కావలెనో తెలియును" అని తలంచి, పెద్ద అలమరను తీసివేయించి, పిల్లల చేతికందు ఎత్తున తాళము లేని చిన్న అరలు పెట్టించెను. ఇది చదివి నేను నవ్వుకొంటిని. నేను కొంతకాలము పనిచేసిన ఒక బడిలో పిల్లలకని సర్కారువారు పంపిన ఆటవస్తువులు పెట్టె విప్పకుండ బీరువాలోనే యుండెను. పాడగునేమో, లెక్క చెప్పవలసి వచ్చునేమో అని పెద్దలకు భయము. ఆ వస్తువులు పాడుకాలేదు. ఆ పిల్లలు మాత్రము పెద్దవారై పోయిరి.

మరియొకమారు ఆమె పిల్లలకు ముక్కు చీదుకొనుట ఎట్లో చూపించెను. చేతిరుమాలు మడతపెట్టి, చప్పుడు కాకుండ, నెమ్మదిగా. ఇది నవ్వులాట అనుకొని మొదలుపెట్టెను. పాఠము ముగియగానే పిల్లలందరును చప్పట్లు కొట్టిరి. ఆమె నిర్ఘాంతపోయెను. తరువాత ఆలోచించి గ్రహించినదేమనగా, "ముక్కు తుడుచుకో, మురికివాడా" అని ఆ పిల్లలను తిట్టనివారు లేరు. తిట్టకుండ నేర్పినవారు అంతకుముందు ఒక్కరును లేరు. మన యిండ్లలో దినమునకు ఎన్నిమారులు ఈ మాట అనుచున్నామో లెక్కపెట్టుకొనుడి.

ఇంకొక దినమున ముంగిటిలో ఒక తల్లి చేతినుండి నాలుగు నెలల పసిబిడ్డను ఎత్తుకొని తరగతిలోనికి వచ్చి, "ఈ బిడ్డ ఎంత మెదలకుండ ఉన్నదో చూడుడి, ఊపిరి కూడ వినబడుటలేదు. మీలో ఎవరును ఇంత నెమ్మదిగా ఉండలేరు" అనెను. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. అంతకుముందు వినబడని గడియారపు చప్పుడు వినబడెను. బెత్తము లేకుండ, "నోరు మూయుడి" అను కేక లేకుండ ఒక తరగతి నిశ్శబ్దమయ్యెను.

అన్నిటికంటె పెద్దది వ్రాత సంగతి. ఆమె ఉప్పుకాగితముతో అక్షరములు కత్తిరించి అట్టమీద అతికించెను. వడ్రంగులు కొయ్యను నునుపు చేయు కాగితమే. పిల్లలు కన్నులతో చూచి, వ్రేలితో ఆ గరుకుమీద దిద్ది, నోటితో ఆ శబ్దము పలుకుదురు. ఇది వినగానే మీకు ఏది గుర్తుకు వచ్చును? మన తాతలు వీధి అరుగుమీద ఇసుక పోసి, వ్రేలు పట్టి అక్షరములు దిద్దించిన విధము గదా! వ్రేలికి తెలిసినది మనస్సు మరువదని మన పల్లెలకు పూర్వమే తెలియును. భేదమేమనగా, మన పంతుళ్లు వ్రేలు నొక్కిపట్టి దిద్దించిరి, ఏడ్చినను విడువలేదు. ఆమె చేయి విడిచిపెట్టెను. కొన్ని నెలలైన తరువాత, ఒక ఎండకాచిన దినమున మేడమీద, అయిదేండ్ల పిల్లవానికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టమును చూచి బొమ్మ గీయుమనెను. వాడు గీసి, ఆగి, తటాలున "నాకు వ్రాత వచ్చినది! నాకు వ్రాత వచ్చినది!" అని కేకలు వేసి, "చేయి", "పొగగొట్టము" అను మాటలను వ్రాసెను. తక్కిన పిల్లలును మూగిరి, వారిలో కొందరు తామును వ్రాసిరి. వారిలో ఎవరికిని అంతవరకు వ్రాయుట అని వేరే పాఠము చెప్పలేదు. కూలివారి పిల్లలు, వారి తల్లులలో అనేకులకు సంతకము కూడ రాదు.

ఇప్పుడు మన బస్తీలలో ఆ పేరు పెట్టుకొన్న కొన్ని బడులలో చంటివారిని బెంచీలమీద కదలకుండ కూర్చుండబెట్టి, వేలకొలది రూపాయలు ఫీజు తీసికొనుచున్నారు. ఆ పేరు ఎవరైనను పెట్టుకొనవచ్చును, అడ్డగించు చట్టము లేదు. అయితే అన్నియు అట్టివి కావు. విజయవాడలో 1955లో కోటేశ్వరమ్మగారు ఈ పేరుతోనే చిన్న బడి పెట్టి, దానిని ఆడపిల్లల కళాశాలవరకు పెంచి, 2017లో పద్మశ్రీ పొంది, 2019లో తొంబదియేండ్లు దాటిన వయస్సులో కన్నుమూసిరి. తెలుగునేల ఆ పేరును బోర్డుమీద మాత్రమే వ్రాసికొనలేదని చెప్పుటకు ఈ మాట వ్రాసితిని.

ఇకమీదట చెప్పబోవునది సంఘములలో మనము గట్టిగా మాటలాడని సంగతి. ఓర్పుతో చదువుడి.

ఈ పిల్లల తల్లికి ఒక కుమారుడుండెను. ఆమెకు వివాహము కాలేదు. తనతో పనిచేసిన ఒక వైద్యునివలన 1898లో ఆ బిడ్డ పుట్టెను. ఆ మనుష్యుడు తరువాత వేరొక స్త్రీని పెండ్లాడెను. ఆ కాలపు ఇటలీలో ఇట్టి సంగతి బయటపడినయెడల ఆమె వైద్యురాలిగాను ఉండజాలదు, పంతులమ్మగాను ఉండజాలదు. బిడ్డను పల్లెటూరిలో ఒక కుటుంబమునకు పెంపునకిచ్చిరి. ఆమె అప్పుడప్పుడు వెళ్లి చూచి వచ్చుచుండెను. ఆ బాలునికి ఆమె ఎవరో చెప్పలేదు. లోకమందలి బిడ్డలందరి గురించి అంత చక్కగా వ్రాసిన ఆ చేతులు, తన బిడ్డకు చొక్కా గుండీలు పెట్టలేకపోయెను. సాన్ లొరెంజోలో గుండీలు పెట్టుకొనుట నేర్పుటకు ఆమె చేయించిన చట్రములను తలంచునప్పుడెల్ల నాకు ఈ సంగతి గుర్తుకు వచ్చును.

కొందరు, "అట్టి స్త్రీ గురించి మన పత్రికలో ఎందుకు?" అందురేమో. మన ఊళ్లలో ఇట్టి ఆడపిల్లలు లేరా? వారిని ప్రభువు బల్లకు దూరపరచుటయు, ఆ మగవానిని ముందటి వరుసలోనే కూర్చుండనిచ్చుటయు మనము చూడలేదా? నేను పిల్లలను బడిలో చేర్చుకొనుచుండిన దినములలో ఒక అవ్వ అయిదేండ్ల మనుమరాలిని చేయిపట్టుకొని తీసికొనివచ్చెను. రిజిస్టరులో "తండ్రి పేరు" అను గడియొద్దకు రాగానే అందరును మౌనముగా నుండిరి. అవ్వ తల వంచలేదు. "దానికి నేనున్నానమ్మా, నా పేరు వ్రాయండి" అనెను. ఆ గడిలో ఆమె పేరే వ్రాసితిమి. ఆ పిల్ల నా తరగతిలో ముందుగా చదువుట నేర్చుకొన్నవారిలో ఒకతె.

మాంటిసోరమ్మ తల్లి 1912లో చనిపోయెను. ఆ తరువాత కొలదికాలమునకే, పదునైదేండ్ల ప్రాయములో నున్న ఆ కుమారుడు తల్లి యొద్దకు వచ్చి చేరెను. అతని పేరు మారియో. అది మొదలుకొని ఆమె చనిపోవువరకు అతడు ఆమెను విడువలేదు. ఆమె ఉపన్యాసమిచ్చిన చోట అతడు తర్జుమా చేసెను, ఆమె పెట్టె అతడు మోసెను, ఆమె పుస్తకములు అతడు సరిచూచెను. అతనికి నలుగురు పిల్లలు పుట్టగా ఆమె నాయనమ్మ అయ్యెను. అయినను లోకము ముందర అతనిని మేనల్లుడనియు, పెంపుడు కుమారుడనియు చెప్పుచుండిరి. నలుబది యేండ్లు అట్లే జరిగెను.

నడుమ సంగతులు త్వరగా చెప్పెదను. ముస్సోలినీ మొదట ఆమె బడులకు సాయము చేసెను. ఆమె దానిని తీసికొనెను, అది మంచిదని నేననను. పిల్లలను సిపాయిలుగా తయారుచేయు పద్ధతి ఆమెకు సరిపడక 1934లో తెగిపోయెను. ఇటలీలో ఆమె బడులు మూతబడెను. స్పెయిను దేశములో స్థిరపడగా 1936లో అక్కడ అంతర్యుద్ధము వచ్చెను. అక్కడనుండి మనుమలతో కూడ తప్పించుకొని కడకు హాలెండు చేరెను. అప్పటికి ఆమెకు 66 సంవత్సరములు. ఇల్లు లేదు, పాతికేండ్ల పని చేతికి దక్కలేదు.

1939లో చెన్నపట్టణము అడయారులోని దివ్యజ్ఞాన సమాజమువారు ఆమెను పిలిచిరి. అరండేలుగారును, ఆయన భార్య రుక్మిణీదేవిగారును ఆ పిలుపునకు కారకులు. ఆ సమాజపు నమ్మకములు మన నమ్మకములు కావు; ఆమెను పాతిపెట్టినదియు రోమను కథోలికుల శ్మశానములోనే. అయినను పిల్లల మేలు కోరినవారు పిలువగా ఆమె వచ్చెను. అరువదితొమ్మిదేండ్ల వయస్సులో కుమారునితో విమానమెక్కి వచ్చి దిగెను. దేశపు నలుమూలలనుండి సుమారు మూడువందలమంది ఉపాధ్యాయులు మొదటి తరగతికి వచ్చిరి. ఆమె ఇటలీ భాషలో చెప్పును, మారియో ఇంగ్లీషులో చెప్పును, వినువారు తమ తమ భాషలలో ఒకరికొకరు చెప్పుకొందురు. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలన్నియు మద్రాసు రాజధానిలోనివే గదా.

కొన్ని నెలలకే యుద్ధము ముదిరెను. 1940 జూనులో ఇటలీ ఇంగ్లండుమీద యుద్ధము ప్రకటించెను. ఇటలీ దేశస్థులందరు శత్రువులైరి. మారియోను పట్టుకొనిపోయి ఖైదీల శిబిరములో ఉంచిరి. ఆమెను అడయారు తోట దాటి పోరాదనిరి. భాష తెలియని దేశములో, మద్రాసు ఎండలో, మాట చెప్పుటకు కుమారుడు లేక, మనుమలు వేలమైళ్ల దూరమున జర్మనుల చేతబడిన హాలెండులో ఉండగా, ఆమె ఆ వేసవియు వర్షాకాలమును గడిపెను.

ఆగస్టు 31న ఆమెకు 70 సంవత్సరములు నిండెను. ఆ దినమున రాజప్రతినిధియొద్దనుండి ఆమెకు తంతి వచ్చెను. మీ డెబ్బదియవ పుట్టినరోజునకు ఏమి కానుక ఇయ్యవలెనని ఆలోచించి, మీ కుమారుని మీకు తిరిగి పంపుటకంటె మంచి కానుక లేదని తలంచితిమి అని దాని భావము. మేనల్లుడని గాదు, పెంపుడు బిడ్డడని గాదు, కుమారుడని. ఆమెను తోటలో కావలియుంచిన సర్కారే నలుబది యేండ్లుగా ఎవరును బహిరంగముగా అనని ఆ మాటను అనెను. ఎంతో పోగొట్టుకొన్న స్త్రీకి అది శత్రువు చేతిమీదుగా వచ్చెను. ఈ చోటికి వచ్చినప్పుడెల్ల నేను పుస్తకము మూసి కొంచెముసేపు ఊరకుండెదను.

డెబ్బదియేండ్లకు మన ఇండ్లలో అవ్వను మూల మంచముమీద కూర్చుండబెట్టుదుము. ఆమె పనిలో శ్రేష్ఠమైన భాగము ఆ తరువాతనే జరిగెను. కోడైకెనాలు కొండమీద రెండేండ్లున్నప్పుడు పిల్లలతో కలిసి చెట్లను, ఆకులను, పురుగులను చూచి పాఠములు కట్టెను. అంతకంటె ముఖ్యముగా, ఇంకను మాటలు రాని పసిబిడ్డలను గమనించెను. తల్లి బిడ్డను ఎత్తుకొని తనతోపాటు బజారునకును పనికిని తీసికొనిపోవుటలో ఎంత మేలున్నదో ఆమె వ్రాసెను. ఆ బిడ్డ బేరములు వినును, పలుకరింపులు వినును, లోకమును తల్లి భుజముమీదనుండి చదువును. భాషను బిడ్డ నేర్చుకొనడు, నీటిని గుడ్డ పీల్చినట్లు పీల్చుకొనును అని ఆమె చెప్పినదాని సారము. ఈ మాట నిజమా కాదా అని మీ యింట చూచుకొనుడి. మా మనుమరాలికి రెండేండ్లు నిండలేదు. పిల్లిని "నువ్వు రా" అనును, తాతను "మీరు రండి" అనును. దీనికి వ్యాకరణము ఎవరు చెప్పిరి? ఆ ఉపన్యాసములు 1949లో అడయారులోనే పుస్తకముగా అచ్చుపడెను. పసితనమును గురించి లోకమంతయు చదివిన ఆ పుస్తకము మన గాలిలో పుట్టినదని చెప్పుకొనుటలో తప్పులేదు.

1946లో ఆమె ఐరోపాకు తిరిగిపోయి మనుమలను చూచెను. చిన్నపిల్లలుగా విడిచినవారు ఎదిగి నిలుచుండిరి. మరుసటి సంవత్సరమే మరల మన దేశమునకు వచ్చెను! శాంతికొరకైన నోబెలు బహుమానమునకు ఆమె పేరును 1949, 1950, 1951 సంవత్సరములలో పంపిరి గాని అది రాలేదు. ఆమె బడులు మూతబడిన ఇటలీ, 1990లో తన వేయి లీరాల నోటుమీద ఆమె ముఖమును అచ్చువేసెను. 2002లో ఆ నాణెము పోయి యూరో వచ్చువరకు కూరగాయలమ్మువారి చేతులలో ఆమె ముఖము తిరుగుచుండెను. అది ఆమెకు తగినచోటే అని నా అభిప్రాయము.

ఆమె తన వీలునామాలో మారియోను "నా కుమారుడు" అని వ్రాసెను.

1952 మే 6వ తేదీన హాలెండులో సముద్రపు ఒడ్డున నూర్డ్‌వైక్ అను ఊరిలో తల్లియు కుమారుడును తోటలో కూర్చుండి మాటలాడుకొనుచుండిరి. పశ్చిమ ఆఫ్రికాలో ఉపాధ్యాయులు లేరు, రమ్మని పిలుపు వచ్చినది. ఆమెకు 81 సంవత్సరములు. ఆ యెండకు మీ శరీరము తాళదు, నేను వెళ్లి మీ బదులు చెప్పెదనని కుమారుడనెను. "అయితే నేను ఇక పనికిరానా?" అని ఆమె అడిగెనట. ఒక గంట గడువకమునుపే ఆమె ప్రాణము విడిచెను. ఎక్కడ చనిపోయిన అక్కడనే పాతిపెట్టవలెనని ముందే చెప్పియుండెను గనుక ఆ ఊరిలోనే సమాధిచేసిరి. మారియో తల్లి పనిని మరి ముప్పదియేండ్లు నడిపి 1982లో చనిపోయెను. తరువాత ఆ పనిని చేతికి తీసికొన్నవారిలో ఒకతె ఆ నాయనమ్మ మనుమరాలు.